వ్యాధి గడిలో సన్నజాజి

నీరజకు శుభ్రం అంటే మహా పిచ్చి. పుంగనూరు ఆవుల పెంపకందార్ల సంఘంలో ఇరవై ఆరేళ్లుగా ఆవుల లెక్కలు చూస్తున్న పాతకాలపు ఫాక్స్‌ప్రో ప్రోగ్రామును జావా అనే ఇప్పటి కంప్యూటరు భాషలోకి మార్చే పని మీద మూడు నెలలుగా మదనపల్లె నుంచి బస్సులో తిరుగుతోంది. కొత్తదాంట్లో ప్రతి ఆవూ ఒక ఆబ్జెక్టు. తన వయసు, తన తల్లి, తన ఈతలు అన్నీ తన దగ్గరే పెట్టుకుంటుంది. పాతదాన్ని రాసిన గుమాస్తా భీమరావుకు ఈ సంగతి తెగ నచ్చింది.

"అంటే ఆవును ఆవుగా సూస్తాదన్నమాట. మా కాలంలో అన్నీ వరసలూ నంబర్లే తల్లీ," అన్నాడు.

ఆయన తెచ్చే అలసంద వడలకు నీరజ ఎప్పుడో దాసోహమైంది. అయినా నిన్న సాయంత్రం నోరు జారింది.

"సార్, మీ వ్యాధి గడి నిండా చెత్తే ఉండాది. కొత్తదాంట్లోకి ఎక్కించేటప్పుడు జబ్బుల లిస్టులో లేనివన్నీ తీసేసినా."

ఆ చెత్త ఏమిటో చూడనైనా లేదు మహాతల్లి. భీమరావు టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఈరోజు మధ్యాహ్నం ఆటో వచ్చి పాత కంప్యూటరును పాత సామాన్ల కొట్టుకు తీసుకుపోవాలి. పన్నెండు దాటగానే ఆవుల్ని పెంచే సుబ్బలక్ష్మమ్మ, పొద్దున సంఘం ఇచ్చిన కొత్త ఆవు కార్డు పట్టుకుని వచ్చింది.

"ఏమమ్మా, దీంట్లో నా ఆవు యాడుండాది?"

"ఇదిగోమ్మా, నంబరు నూటనలభై."

"పాత కార్డులో సన్నజాజి అని ఉండె. నంబరుతో పిలిస్తే అది తలకాయన్నా ఎత్తుతాదా?"

నీరజకు నిన్న తీసేసిన చెత్త గుర్తొచ్చింది. పాత ప్రోగ్రాం తెరిచింది. వ్యాధి: సన్నజాజి. వ్యాధి: బెల్లమ్మ. వ్యాధి: దొరసాని. రెండువందల పన్నెండు ఆవులకూ ఇదే రోగం.

"సార్, పేర్లు ఈడ యాల పెట్టినారు?"

"సంఘం ఫారంలో పేరుకు గడి ఇయ్యలే తల్లీ. మన ఆవులకు రోగాలు తక్కువ, ఆ గడి ఖాళీగా పడుండె."

"నిన్ననే చెప్పొచ్చు కదా!"

"చెత్త అంటివి. ఈ కాలానికి పేర్లు అక్కర్లేదేమో అనుకుంటి."

ఆ మాటకు నీరజకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో బయట ఆటో హారన్ కొట్టింది. "అన్నా, రేపు రాపో!" అని కిటికీలోంచి కేక పెట్టి, ఆవు వివరాల్లో పేరు చేర్చి, మొత్తం మళ్లీ మొదటినుంచి ఎక్కించడానికి కూర్చుంది. భీమరావు పక్కనే కుర్చీ వేసుకుని డబ్బా మూత తీశాడు.

సాయంత్రం నాలుగింటికి పేర్లన్నీ కొత్త తెర మీదికి వచ్చాయి. ఒక్కొక్కటీ పైకి చదువుతూ వచ్చిన నీరజ చిట్టచివరి వరస దగ్గర ఆగిపోయింది. గంగప్ప దూడ, పుట్టి పదిరోజులు. పేరు: నీరజ.

"నీ ప్రోగ్రాం మొదటిసారి నడిచిన దినమే పుట్టె," అన్నాడు భీమరావు వడ నములుతూ. "గంగప్ప మంచి పేరొకటి చెప్పమన్నాడు. నాకు తోచింది చెప్తి."

నిన్న చూడకుండా తీసేసిన వాటిలో ఇదీ ఉంది. నీరజ చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"ఎట్లుంటాది సార్?"

"తెల్లగా, మోకాలంత ఎత్తు. ఒక్క నిమిషం కుదురుగా ఉండదు."