వేరు కిందికి దిగిన దుంగ

2017 వసంతం. మంచు కరిగి వీధుల్లో బురద తేలగానే మా రేవు ఊరు నుత్తారిలో అందరూ గదుల్లోని చాపలు తెచ్చి ఎండలో వేస్తారు. సోయా గింజల ముద్దని పీపాల్లో పులియబెట్టి మిసో చేసి అమ్మే ఒబాతా వాళ్ళ కొట్టులో మాత్రం ముందుగా వెనక తలుపు ఊడదీసి, దాని అడుగు చిత్రిక పడతారు. ఏటా ఆ మూల నేల కాస్త పైకి లేస్తుంది, తలుపు పట్టేస్తుంది. కింద ఉన్న పైన్ దుంగ ఇంకా పెరుగుతోంది, అంతే.

మాది ఏరు తెచ్చి పోసిన మెత్తటి నేల. దుంగలు దిగ్గొట్టందే ఇల్లు నిలవదు. పునాది దుంగని కొన కిందికి, మొదలు పైకి పెట్టి దిగ్గొడతారు. ఇంటి స్తంభానికి పద్ధతి వేరు. చెట్టుగా ఎలా నిలబడిందో అలాగే మొదలు కిందికి రావాలి, లేకపోతే ఇల్లు మూలుగుతుందంటారు. ఒబాతా వాళ్ళ తాతల నాడు పునాది వేసే రోజున దుంగలవాడొకడు జ్వరంతో పడుకున్నాడు. వాడి బదులు ఒక వడ్రంగి వచ్చాడు. బతుకంతా స్తంభాలు నిలబెట్టినవాడు. ఎవరెంత చెప్పినా వినకుండా ఒక దుంగని మొదలు కిందికి పెట్టించాడు. అది నీళ్ళందుకుంది, వేళ్ళేసింది. ఇంటివాళ్ళు ఆ మూల పెద్ద మిసో పీపా పెట్టి, పీపా మీద రాళ్ళు పేర్చారు. ఆ బరువుకి అది ఏడాదికి ఒక వేలి మందం కన్నా ఎక్కువ లేచేది కాదు.

2017లో కురిసిన మంచుకి కొట్టు పైకప్పు దూలం విరిగింది. ఇంక బాగుచేసి లాభం లేదన్నారు. కొట్టు నడిపే మిసావొ భర్త పోయిన మనిషి. ఏ పనైనా రేపటికి వాయిదా వెయ్యడం ఆమెకి తెలియదు. పీపాలన్నీ రేవు దగ్గర అద్దెకి తీసుకున్న రేకుల షెడ్డుకి తోలించి, ఇల్లు పడగొట్టించింది.

ఇంజినీరు హోరిగుచి గారు వచ్చి, బయటపడిన ప్రతి దుంగ నెత్తి మీదా చిన్న సుత్తితో కొట్టింది. ఆ చప్పుడు లోపలికి వెళ్ళి తిరిగొచ్చే తీరుని యంత్రంలో చూసుకుంది.

"బంగారంలా ఉన్నాయండీ. నీళ్ళలో మునిగిన పైన్ కుళ్ళదు. వీటి మీదే కట్టేద్దాం. కొత్త పునాది అంటే సిమెంటు, సిమెంటంటే బట్టీల పొగ. మన కంటికి ఆనదు గానీ, ఒక ఇంటికయ్యే పొగలో పెద్ద వాటా నేల కింద పోసే సిమెంటుదే."

"అయితే రేపే మొదలుపెట్టండి."

"ఆ మూల దుంగ ఉందిగా. పెరిగేదాని మీద కడతానంటే నేను సంతకం పెట్టలేను."

"కోసెయ్యండి."

"నిన్న కోయించాను. పొద్దున చూస్తే చిగురేసింది. అదొక్కటే పీకుదామంటే, దాని వేళ్ళు మిగతా దుంగలన్నిటినీ చుట్టుకున్నాయి. పీకితే అన్నీ పీకాలి. ఆ గుంతలు పూడ్చాలి, నేల కుదురుకునే దాకా ఆగాలి. అంటే వచ్చే ఏడాది."

మిసావొ వేళ్ళ మీద వేసవులు లెక్కపెట్టుకుంది. ఒక్క వేసవికే ఆ రేకుల కింద మిసో అంచులు నల్లబడతాయి. రెండో వేసవి కూడా అక్కడే ఉంటే పీపా పీపా పారబోసుకోవలసిందే. తరాలుగా ఆ పీపాల కొయ్యలో బతుకుతున్న పులుపు తోడు చచ్చిపోతే మళ్ళీ రాదు. కొట్టు మూసినట్టే.

ఇక ఆమెకి కుదురు లేదు. పొద్దున షెడ్డులో పీపాల మీద తడిగుడ్డలు కప్పేది, మధ్యాహ్నం స్థలంలో దుంగ మీద రాళ్ళు పేర్చేది, సాయంత్రం మళ్ళీ షెడ్డుకి పరుగెత్తేది. దుంగ రాళ్ళని పక్కకి దొర్లించేది. పాత పీపానే తెచ్చి నీళ్ళు నింపి పెడితే దాన్నీ ఒరగదోసింది. ఇల్లు పోయినప్పట్నించీ దానికి రెక్కలొచ్చినట్టయింది. దాని వేళ్ళు లాగితే పక్కింటి గోడ పలకలు పటపటమన్నాయి. పక్కింటి నెజు బామ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "మిసావొ, మీ వాడు మా వంటింట్లోకి కూడా వస్తాడేమో, టీ పెట్టమంటావా?" అని అరిచింది.

ఆ సంగతి విని మరిది తెత్సుజి వచ్చాడు. స్థలంలో సగం అతనిది. అవతలి తీరంలోని ఒతారు నుంచి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు లారీకెత్తుకుని, పడవ మీద సముద్రం దాటుతూ బతికేవాడు. రెండు రాత్రులు ఒకచోట పడుకుంటే మూడో రోజు కాళ్ళు పీకుతాయనేవాడు. ఒతారు రేవులో పూటకూళ్ళు నడిపే చియొకొ ఒక్కదాని కోసమే ఆగేవాడు. ఆకులు రాలేలోగా అక్కడికే వచ్చేస్తానని, ఆమెని పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చాడు.

"వదినా, ఇంకా ఎందుకీ అవస్థ? మట్టి కప్పేసి కార్లు పెట్టుకోనిద్దాం."

"కార్ల కింద మాత్రం అది ఊరుకుంటుందా? పోయి కూర్చుని అన్నం తిను. వచ్చీ రాగానే మొదలుపెట్టావు."

అతను అన్నం ఉండ విప్పుకుని, వేరే చోటు లేక ఆ దుంగ మీదే కూర్చున్నాడు. పక్కింటి పలకల చప్పుడు ఆగిపోయింది. అక్కడే దుంగలు కొలుస్తున్న హోరిగుచి గారు యంత్రం కేసి చూసి, మళ్ళీ చూసింది.

"తెత్సుజి గారూ, కాస్త లేవండి."

లేచాడు. పలకలు పటపటమన్నాయి.

"కూర్చోండి."

ఆగిపోయాయి.

"ఏంటమ్మా ఇది, పిల్లల ఆటా?" అన్నాడు గానీ, అతని మొహంలో ఏదో సడలింది. పుట్టింది ఆ మూల పీపాని ఆనుకున్న గదిలోనే. చిన్నప్పుడు వసంతంలో పడుకుంటే కింద నేల కదిలేది. ఆ కదలిక ఒంట్లోకి ఎక్కిందో, ఒంట్లోది నేలలోకి దిగిందో గానీ, అతనికీ దుంగకీ ఒకటే జబ్బు. మోకాళ్ళలో ఎప్పుడూ ఉండే ఆ జివ్వుమనడం ఇప్పుడు లేదు.

"వానలు వెలిసే దాకా ఇది ఇలాగే కదలకుండా ఉంటే సంతకం పెడతాను," అంది హోరిగుచి గారు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కూడా దాని మీద బరువు ఉండాలి కదండీ. మీ బరువే."

తెత్సుజి నవ్వాడు. "నేనేం పీపా మీద పెట్టే రాయినా?" అని లేచి, లారీ ఎక్కి, ఆ రోజు పడవకే వెళ్ళిపోయాడు.

మిసావొ ఆపలేదు. తెల్లారేసరికి దుంగ జానెడు లేచింది. పక్కనున్న రెండు దుంగలు ఒరిగాయి. నెజు బామ్మ వంటింటి గోడ బీటలిచ్చింది. హోరిగుచి గారు దుంగలు పీకే యంత్రం పంపమని ఫోను చేసింది. మిసావొ షెడ్డుకి వెళ్ళి, పీపాల్లో చెయ్యి పెట్టి అడుగు దాకా కలిపింది. ఏ పీపా ముందు పారబొయ్యాలో చూసుకుంటున్నట్టుంది.

యంత్రం వచ్చే రోజున దానికన్నా ముందు లారీ వచ్చింది. తెత్సుజి దిగి, సూటిగా వెళ్ళి దుంగ మీద కూర్చున్నాడు.

"పడవలోనే తెలిసింది," అన్నాడు వదినతో. "నేను అటు పోతుంటే ఇది ఇటు పోతోంది. ఒతారులో చియొకొ అన్నం పెట్టింది, సగంలో లేచొచ్చేశాను."

"నీకిది చేతకాదు, తెత్సుజీ. కాలు కాలిన పిల్లివి నువ్వు. లేచి ఆమె దగ్గరికి పో. కొట్టు నాతోనే పోనీ."

"నోరు మూసుకుని గొడుగు తీసుకురా, వదినా. వాన పడేట్టుంది."

వానలన్నీ అతను అక్కడే గడిపాడు. మొదట గొడుగు కింద, తర్వాత టార్పాలిన్ కింద. తిట్టేవాడు, రేడియో వినేవాడు, రేవు నుంచి పడవ కూత వినబడితే కాలి వేళ్ళు ముడుచుకునేవాడు. చిగుళ్ళు ఎండి రాలాయి. నెజు బామ్మ ముల్లంగి పులుసు పంపి, "ఉప్పు సరిపోయిందా అబ్బాయ్? లేచొచ్చి చెప్పక్కర్లేదులే, అక్కణ్ణించే కేకెయ్యి," అనేది.

వానలు వెలిశాక హోరిగుచి గారు సంతకం పెట్టింది. పాత దుంగల్లో ఒక్కటీ పీకలేదు. ఒరిగిన రెంటినీ సరిచేసి, వాటి మీదే ఇల్లు లేపారు. ఆకులు రాలేసరికి పీపాలు కొత్త కప్పు కిందికి వచ్చాయి. అంచులు తీసేస్తే లోపలి మిసో బాగానే ఉంది. తెత్సుజి ఆ దుంగ పైనున్న మూల గదిలో పరుపేసుకున్నాడు.

మంచు పడేముందు చియొకొ ఒకసారి వచ్చింది. ఆ గదిలో కూర్చుని టీ తాగింది. "నా పూటకూళ్ళ ఇల్లు వదిలి నేను రాలేను," అంది. "తెలుసు," అన్నాడు. ఆమె సాయంత్రం పడవకి వెళ్ళిపోయింది. మరుసటేడు ఒతారులోనే చేపల వేలంపాట పాడే ఒకతన్ని పెళ్ళి చేసుకుంది. తెత్సుజి లారీ అమ్మేశాడు. అప్పట్నించీ అతను సముద్రం దాటలేదు.