గౌస్ చెవి

గిలకలదిండి రేవులో బోటు ఇంజను మొరాయిస్తే గౌస్‌ని పిలుస్తారు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బేమిటో చెప్పేస్తాడని పేరు. ఆ చెవులే ఏడాదిగా మొండికేశాయి. ముప్పయ్యేళ్ళు డీజిల్ ఇంజన్ల పక్కన బతికితే అవి మాత్రం ఏం చేస్తాయి పాపం! ఈ సంగతి పెళ్ళాం ఖైరున్ బీకి కూడా చెప్పలేదు. నలుగురికీ తెలిస్తే షెడ్డు మూసుకోవలసిందేనని భయం.

అలాంటివాడి నెత్తిన ఘంటసాల శ్రీకృష్ణగారి కారు వచ్చి పడింది. తాతలనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. చూడ్డానికి ఎర్రగా, నాజూగ్గా ఉంటుంది. పెడన దాటగానే ప్రాణం వదిలేస్తుంది. గౌస్ కార్బురేటరు కడిగాడు, ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు. అయినా దాని దారి దానిదే. సాయంత్రం ఆయన కారు కోసం వస్తున్నారు. గౌస్ కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగి తిరిగి, చివరికి ఇంకోసారి నడిపి చూద్దామని ఖైరున్ బీని ఎక్కించుకుని బయల్దేరాడు. చూసినవాళ్ళు షికారనుకుంటారు గానీ, ఆగితే తొయ్యడానికి మనిషి కావాలిగా!

పెడన దాటారు. బంటుమిల్లి రోడ్డు మీద కారు రెండుసార్లు వణికి ఆగిపోయింది. పెట్రోలుందో లేదో చూద్దామని గౌస్ దిగి ట్యాంకు మూత తిప్పాడు.

"అదేంటండీ, సుయ్‌మంది?" అని అరిచింది ఖైరున్ బీ.

"ఏది?"

"మూత తియ్యగానే గాలి పీల్చింది కదా. మీకు వినపడలా?"

గౌస్ మూత తిరగేశాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా శ్రీకృష్ణగారు ప్రేమకొద్దీ గ్రీజు మెత్తారు. మూతకున్న చిన్న బెజ్జం పూడిపోయింది. ట్యాంకులోకి గాలి పోకపోతే ఇంజనుకి పెట్రోలెలా అందుతుంది? ఇంతే జబ్బు. కారు ఆగినప్పుడల్లా తను ఈ మూత తీశాడు. తీసినప్పుడల్లా అది చెబుతూనే ఉంది.

ఖైరున్ బీ ముసుగుకి పెట్టుకున్న పిన్నీసు తీసిచ్చింది. దాంతో బెజ్జం శుభ్రం చేసి బండి తీశాడు. బంటుమిల్లి వచ్చింది. కారు ఆగలేదు. తనే ఓ పక్కన ఆపాడు.

"నాకు వినపట్టం లేదు ఖైరూ. ఏడాదైంది."

"నాకు తెలుసు. ఇంట్లో అరిచి అరిచి నా గొంతు పోయింది. మీ అంతట మీరే చెబుతారని చూస్తున్నా."

ఆమె ఈసారి అరవలేదు. పెదాలు కదలడం మాత్రం కనిపించింది. ఎప్పటిలా తలూపబోయి ఆగాడు.

"నాకు అందలేదు. మళ్ళీ చెప్పు," అన్నాడు.

ఏడాదిలో ఆ మాట అనడం అదే మొదలు. ఖైరున్ బీ కళ్ళు తుడుచుకుని, అతని చెవి దగ్గరికి జరిగింది.