బొటనవేలి గుర్తు

ముందు కుడిచేతి గ్లౌజు, తర్వాత ఎడమచేతిది. తొడుక్కున్నాక వేళ్లు చాపి, కిటికీ వెలుతురులో రెండువైపులా చూసుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. ఆ తెల్ల నూలు గ్లౌజుల మీద ఆయనకున్న శ్రద్ధ చూసి ఫ్యాక్టరీలో అందరూ గ్లౌజుల బాబాయ్ అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు.

అక్కడికి గ్యాస్ టర్బైన్ బ్లేడ్లు వస్తాయి. ఒక్కోటి అరచేయంత ఉంటుంది. నిప్పులాంటి గాలిలో తిరిగేటప్పుడు వాటి కొనలు కాలిపోకుండా పింగాణీ పూత వేస్తారు. పూత అంటుకోవాలంటే ముందు కొనని సన్నపొడితో కొట్టి గరుకు చేయాలి. ఆ గరుకు మీద ఉత్త చేయి తగిలిందా, అంతే సంగతులు. చేతి జిడ్డు మీద పూత పైకి బాగానే కనిపిస్తుంది, కొలతకీ సరిపోతుంది. వేడెక్కాక పెచ్చులా ఊడుతుంది. అప్పుడు లోహం కాలి, ముక్క విరిగి, పక్క బ్లేడ్లన్నిటినీ చితక్కొడుతుంది. కొనలు గరుకు చేసి, తాకకుండా చట్రంలో బిగించడం బాబాయ్ పని. చూడటానికి అందులో ఏముంది? ఏమీ లేదు. ఆయన చేతి మీదుగా వెళ్లిన బ్లేడు ఒక్కటీ వెనక్కి రాలేదు, అంతే.

ఇంట్లోనూ ఆయన కళ్లజోడు అంచులు పట్టుకునే తీస్తాడు. "పెళ్లిలో నా చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా ఇంత భయపడలేదు మీరు" అని భార్య ఆటపట్టిస్తుంది.

ఆ రోజు బ్లేడ్లు తీసుకెళ్లే బండి నాలుగింటికి వస్తుందని తొందర. టీ వేళకి గ్లౌజులు మరోసారి చూసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు టీకే లేవలేదు. మధ్యాహ్నం భోజనానికి గ్లౌజు లాగుతుంటే కుడి బొటనవేలి దగ్గర గోరంత చిరుగు కనిపించింది. అప్పటికే నలభై ఎనిమిది బ్లేడ్లు పూత వేసుకుని పెట్టెలో తెల్లగా కూర్చున్నాయి. రిటైరవడానికి మూడు వారాలు ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు. గ్లౌజు జేబులో కుక్కేసుకుంటే అడిగేవాళ్లే లేరు.

అన్నం డబ్బా మూత కూడా తీయకుండా సూపర్‌వైజర్ గదికి నడిచాడు. ఆవిడకి ఆయన కూతురి వయసుంటుంది.

"బ్లేడ్లు పంపొద్దమ్మా. నా గ్లౌజు చిరిగింది."

"ఎప్పుడు?"

"అదే తెలీదు."

"కొలతలన్నీ సరిగ్గా వచ్చాయి బాబాయ్. వెళ్లిపోయే ముందు ఈ తలనొప్పి మీకెందుకు? చెయ్యి తగిలిందో లేదో కూడా తెలీదు కదా."

"తెలీకపోవడమేనమ్మా తలనొప్పి. రాత్రంతా ఫర్నేస్‌లో పెట్టి చూద్దాం. ఏమీ ఊడకపోతే నన్ను తిట్టు."

ఆవిడ ఆయన చేతిలోని గ్లౌజు వైపు చూసి, ఫోన్ అందుకుని బండి ఆపించింది. అవతల పైఅధికారి గొంతు గదంతా వినిపించింది. తనకి పడాల్సిన చీవాట్లు ఆ అమ్మాయికి పడుతుంటే ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. తర్వాత రిజిస్టర్‌లో "పొరపాటు నాది" అని రాసి సంతకం పెట్టాడు. అంత నిబ్బరం ఎంతమందికి ఉంటుంది?

సాయంత్రం భార్యకి అంతా చెప్పాడు. "ఊడుతుందంటారా?" అని ఆవిడ అడిగింది.

"ఊడితే ఇన్నేళ్ల పేరు పోతుంది. ఊడకపోతే ఆ అమ్మాయి నా మూలంగా ఊరికే మాటలు పడ్డట్టు."

"మరి ఏది కావాలి మీకు?"

"పొద్దున తెలుస్తుందిగా, పడుకో."

తెల్లారేసరికి నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది.

ఆ సంగతి తెలియని సూపర్‌వైజర్ పొద్దున్నే ఫర్నేస్ తెరిపించింది. ఒక్కో బ్లేడూ తిప్పి చూసింది. నలభై ఏడు చెక్కుచెదరలేదు. ఒక్కదాని పూత మాత్రం పెచ్చు లేచింది. బాబాయ్‌కి చెప్పాలని ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తి, జరిగింది చెప్పింది.

"ఊడిందా అమ్మా?" ఆవిడే అడిగింది.

"ఊడింది పిన్నీ. ఒక్కటే."

"అయితే నువ్వు ఊరికే మాటలు పడలేదులే" అని, అప్పుడు ఏడ్చింది.

అనుమానం మిగలకూడదని మిగతావాటి పూత కూడా ఒలిచి, మళ్లీ వేసి, కొత్త బ్లేడు ఒకటి కలిపి పంపించారు. ఊడినదాన్ని సూపర్‌వైజర్ పారేయనివ్వలేదు. ఆయన గ్లౌజులు చూసుకునే కిటికీలో పెట్టింది. దాని తెల్లటి కొన మీద, సరిగ్గా బొటనవేలు ఆనేంత మేర, లోహం నల్లగా కమిలి ఉంది.