ఖురియాత్ నీరడి

పెద్దులుకు కంపెనీ ఇచ్చిన పని కూర్చోవడం. అరబ్బు దేశంలో ఖురియాత్ ఊరికి అవతల, సముద్రపు పాయ నేలలోకి చొచ్చుకొచ్చిన చోట, రోడ్డు కోసం పోసిన కంకర కుప్పలకు అతడు కాపలా. ఎడారిలో కంకర ఎవడెత్తుకుపోతాడని మాత్రం అడక్కండి. డెబ్బై ఆరులో రోడ్లేసే కంపెనీల్లో ఆ మాట అడిగే తీరిక ఎవరికీ లేదు. వారానికోసారి కడప రహీం ట్యాంకర్‌లో మంచినీళ్లు, బియ్యం తెచ్చి దించి పోయేవాడు. మిగతా రోజుల్లో నోరు విప్పితే వినడానికి చెట్లే దిక్కు.

అవైనా ఏం చెట్లు! పాయ మూతి దగ్గర మడచెట్లు ఇంటెత్తు పెరిగాయి. వెనకాల, పోటునీళ్లు అంచులు తడిపి వెళ్లే బురదలో ఉన్నవి మాత్రం పెద్దులు నడుము దాటవు. మొదలు చూస్తే తొడలావు, పైన గుప్పెడు ఆకు. ఆకు మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉండేది. చుట్టూ బురదలోంచి వేళ్ల కొసలు జానెడేసి పైకి పొడుచుకొచ్చి ఉండేవి. కరీంనగర్ జిల్లా మనిషి, మడచెట్టును పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఉప్పునీళ్లు తాగి గిడసబారిన లేతమొక్కలనుకుని జాలిపడ్డాడు. వాటిలో ఒక గూని మొక్కకు మేనత్త పేరు పెట్టుకున్నాడు. పొద్దున్నే "ఏమే కమలవ్వా, తిన్నవా?" అని పలకరించేవాడు. సరదాకి కాదు. రోజంతా మాట్లాడకపోతే సాయంత్రానికి తన గొంతు తనకే పరాయిదిగా వినిపించి భయమేసేది.

జనవరిలో వాన పడింది. కొండల మీంచి వాగు దిగి ఆ బురదంతా తీపినీళ్లతో నిండింది. పెద్దులు పుట్టింది నీరడి ఇంట్లో. ఊరి చెరువు తూము తియ్యడం, పొలాలకు నీళ్లు పంచడం, వానల్లో కట్టను కనిపెట్టుకుని ఉండడం వాళ్ల తాతల నాటి పని. అలాంటివాడి కళ్లముందే తీపినీళ్లు సముద్రం పాలవుతుంటే చేతులు ఊరుకుంటాయా? పార తీశాడు. బురదకీ పాయకీ మధ్యనున్న సన్నటి కాలువకు అడ్డంగా మట్టి, కంకర పోసి, తొక్కి, కట్ట వేశాడు. కాపలా కాయాల్సిన కంకరే. మొత్తానికి కంపెనీకి దొంగ దొరికాడు, కాపలా ఖర్చు దండగ కాలేదు.

"ఇగ తాగుండ్రి కడుపునిండ," అన్నాడు చెట్లతో. "ఏడాది తిరిగేసరికి నా నెత్తి దాటాలె మీరు."

రహీం చూసి పడీపడీ నవ్వాడు. "ఏందన్నా, కంకరకు కాపలా పెడితే చెరువు కట్టుకున్యావా? ఈసారి చేపపిల్లల్ను గూడా తెచ్చేదా?"

నెల తిరక్కుండానే ఆకులు పండబారాయి. నీళ్లు చాలలేదేమోనని పెద్దులు కట్టను ఇంకో జానెడు లేపాడు. సన్నగా పారుతున్న వాగు ఆ జానెడూ నింపింది. నీళ్లు నల్లబడ్డాయి, ఎండ్రకాయలు వెల్లకిలా తేలాయి. కమలవ్వ ఆకులన్నీ రాల్చేసింది. ఉన్న నలుగురు తోడూ కళ్లముందే పోతున్నారు, ఏం రోగమో అడుగుదామంటే మనిషి లేడు. పెద్దులుకు అన్నం సయించడం మానేసింది.

మేకలకు ఆకు కోసుకునే ముసలి ఖమీస్ ఒక పొద్దున వచ్చాడు. వయసులో పడవల మీద బొంబాయి దాకా తిరిగినవాడు, వచ్చీరాని హిందీ మాట్లాడతాడు. కట్టను చూసి కేకలేశాడు. నీళ్లలోకి దిగి, మునిగిన వేరు కొసను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పెద్దులు ముక్కు గట్టిగా మూశాడు. పెద్దులు ఊపిరాడక తల విదిలించుకున్నాడు. అప్పుడర్థమైంది.

"సముందర్ ఆతా, జాతా," అన్నాడు ఖమీస్. సముద్రం వచ్చి పోవాలి, పోయినప్పుడే వీటికి ఊపిరి. మా తాత చిన్నప్పుడూ ఇవి ఇంతే ఉండేవి, ఈ ఉప్పులో ఇంతే పెరుగుతాయి అని కూడా చెప్పాడు. పెద్దులు పసిపిల్లలనుకుని పాలు పట్టింది ముసలివాళ్లకన్నమాట.

"బతుకుతయా? బచేగా?"

ఖమీస్ కమలవ్వ కొమ్మను గోటితో గీకాడు. లోపల ఇంకా కొంచెం పచ్చగా ఉంది. ఈరోజే కట్ట తీసెయ్, రేపటికి చెప్పలేను అని మేకలను తోలుకుని ఊరివైపు వెళ్లిపోయాడు.

పెద్దులు పార పట్టుకుని కట్ట మీద నిలబడ్డాడు. చేతులాడలేదు. కట్ట తెంపినవాణ్ణి వాళ్ల ఊళ్లో గడప తొక్కనివ్వరు. వాళ్ల నాయన చెప్పులు విడిచిగాని కట్ట ఎక్కేవాడు కాదు. మొదటి పార దించేటప్పుడు పెద్దులుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తవ్వాడు. మట్టి కరిగి, గండి వెడల్పై, నల్లనీళ్లు హోరుమంటూ పాయలోకి దూకాయి.

ఆ హోరు చెవిన పడేసరికి గొంతు అతణ్ణి అడక్కుండానే లేచింది.

"కట్ట తెగిందిరో! కట్ట తెగింది! ఉరికి రాండ్రో!"

వాళ్ల ఊళ్లో ఆ కేక వినబడితే పొయ్యి మీది అన్నం వదిలేసి ఆడామగా తట్టలూ పారలూ పట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఒకరితో ఒకరికి మాటల్లేనివాళ్లూ వస్తారు. పెద్దులు మోకాటి లోతు నీళ్లలో నిలబడి చుట్టూ చూశాడు. నీళ్లు జారిపోతుంటే వేళ్ల కొసలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. ఎవరూ రాలేదు.

పెద్దులు మళ్లీ పిలిచాడు.