రుచి చూసే పిల్ల

పుట్టింటికి వచ్చినా నీహారిక నీళ్ల అలవాటు మానలేదు. కాచి, చల్లార్చి, గుడ్డతో వడగట్టి పిల్లలిద్దరి సీసాలూ తనే నింపేది. భిలాయ్‌లోనైనా తిరువూరులోనైనా ఆ పని ఇంకొకరికి అప్పజెప్పదు. ఆ పొద్దున బాబాయి సీతారామారావు పిల్లల్ని గుట్టెక్కిస్తానని బయల్దేరదీస్తే, సంచీలో గిన్నె, అగ్గిపెట్టె కూడా సర్దుకుంది.

"కొండకా, కాపురానికా అమ్మాయ్?" అని ఆయన నవ్వాడు.

దిగేటప్పుడు దారి తప్పి అవతలి వాలులో పడ్డారు. సీసాలు ఖాళీ అయ్యాయి. చిన్నవాడు కిరీటికి పెదాలు ఎండిపోయాయి, చెమట పట్టడం ఆగిపోయింది. 

బాబాయి తేనెటీగలు ఎటు పోతున్నాయో చూసుకుంటూ వాగు పట్టుకున్నాడు. మడుగులో నీళ్లు అద్దంలా ఉన్నాయి గానీ, ఒక్క కప్పపిల్ల కూడా లేదు. ఆయన దాన్ని వదిలేసి, వాగు మలుపులో చెమ్మగా ఉన్న ఇసుక తవ్వి చెలమ తీశాడు. మొదట ఊరిన బురద నీళ్లు తోడి పారబోశాడు. మళ్లీ ఊరాయి, మళ్లీ తోడాడు. తేటపడ్డాక, పెరట్లో ఆడుకునే పిల్లని పిలిచినట్టు "పూజితా" అని పిలిచాడు.

పూజిత నీహారికకి అక్క. తొమ్మిదేళ్లప్పుడు ఇదే వాగులో మడుగు నీళ్లు తాగి, వాంతులై చనిపోయింది. అప్పట్నుంచీ ఆ ఇంటివాళ్లకి గుట్ట మీద ఎక్కడ దాహమేసినా ఆమెనే పిలుస్తారు. వచ్చి తాగుతుంది. మంచి నీళ్లయితే లేచి వెళ్లిపోతుంది. చెడ్డవైతే కడుపు పట్టుకుని ఇసుకలో మెలికలు తిరుగుతుంది, వీళ్లు ఇంకోచోట తవ్వుకుంటారు. పెనుగొలనులో ఒకరింట్లో, ఎప్పుడో పోయిన తాతగారు ఆ పని చేస్తారు. అలాంటివాళ్లు లేనివాళ్లు సీసాలు మోసుకోవాల్సిందే.

మద్దిచెట్ల చాటునుంచి పూజిత వచ్చింది. అదే పూల గౌను, ఆరని జడలు. నీహారిక కూతురు స్నిగ్ధ కంటే వేలెడు పొట్టి. స్నిగ్ధ పక్కకి జరిగి చోటిచ్చింది. పూజిత చెలమ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఎవరివైపూ చూడకుండా దోసిలి పట్టింది. కళ్లు గట్టిగా మూసుకుంది. నీహారిక చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసిందే. తల్లయ్యాక చూడటం ఇదే మొదలు.

"వద్దక్కా," అంది.

బాబాయి తలెత్తాడు. "చచ్చిన పిల్లకి ఇంకేమవుద్దే? నీ కొడుకుని చూడు."

"చూస్తూనే ఉన్నా. కాచి తాగుదాం."

కాచేదెప్పుడు, చల్లారేదెప్పుడు అని ఆయన విసుక్కున్నాడు. నీహారిక కొడుకుని నీడలో పడుకోబెట్టింది. చున్నీ తడిపి వాడి ఒళ్లు తుడుస్తూ ఉండమని స్నిగ్ధకి చెప్పి, రాళ్లు పేర్చి ఎండుపుల్లలు ముట్టించింది. నీళ్లు ఎంతకీ మరగలేదు. కిరీటి మూలగడం కూడా మానేశాడు. అక్కని తాగమందామని నోటిదాకా వచ్చింది. పూజిత ఇంకా దోసిలి పట్టే ఉంది. నీహారిక పెదవి కొరుక్కుని మంటలో మరో పుల్ల పెట్టింది.

తెర్లిన గిన్నెని తడి ఇసుకలో దించి చల్లార్చింది. మొదటి గుక్క తనే తాగింది. తర్వాత కిరీటి నోట్లో కొద్దికొద్దిగా పోసింది. వాడు దగ్గి, కళ్లు తెరిచి, ఇంకా కావాలన్నాడు. స్నిగ్ధ, బాబాయి తాగాక మిగిలినవి పూజిత దోసిట్లో పోసింది. గోరువెచ్చగా ఉన్న ఆ నీళ్లకేసి పూజిత చాలాసేపు చూసి, అప్పుడు తాగింది.

అందరూ లేచినా ఆమె చెట్ల చాటుకి వెళ్లలేదు. నీహారిక చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నూతిలో రాయిలా చల్లగా ఉంది.

"దాన్ని తీసుకుపోతే ఇక్కడ రుచి ఎవరు చూస్తారే?" అన్నాడు బాబాయి.

"కాచుకోండి."

మర్నాడు విజయవాడ బస్సులో కండక్టరు తలెత్తకుండానే మూడు హాఫ్ టికెట్లు కొట్టాడు. కిటికీ పక్కన పూజిత కూర్చుంది. గౌను అంచునుంచి సీటు కిందకి నీళ్లు కారుతూనే ఉన్నాయి. గుట్టలు వెనకబడ్డాయి. ఇన్నేళ్లూ ఎవరి దాహానికో తాగిన ఆ పిల్ల నీహారిక భుజం మీద తల ఆనించి, అడగొచ్చో లేదో అన్నట్టు మెల్లగా అంది.

"చెల్లీ, దాహమేస్తోంది."