ఎల్లవ్వ ఇంటి తాళం

జేసీబీ ముందుగా ఎల్లవ్వ ఇంటి మీదికే వచ్చింది. గోడ మీద మేం రాసుకున్న జై తెలంగాణ నడిమికి పగిలి, అక్షరాలు మట్టిలో కలిశాయి. డ్రైవర్ మల్లాపూర్ వైపు మనిషి, మాలాంటి కూలోడే. మా ముఖాలు చూడలేక తువ్వాల అడ్డం కట్టుకున్నాడు. రోడ్డుకు అవతల దొర జగపతి రావు ఫంక్షన్ హాలు కొత్త రంగులతో నిలబడే ఉంది. మున్సిపాలిటీ మ్యాపులో దానికీ మాకూ రంగు ఒకటే. అయినా జేసీబీ అటువైపు చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్తాను, వినండి.

కోరుట్ల రోడ్డు మీదున్న మా పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ వచ్చింది. అందులో మా వాడంతా ఆకుపచ్చ, అంటే పార్కు. తాతల కాలం నుంచి కూలికి పోయి, బీడీలు చుట్టి బతుకుతున్న చోటు రాత్రికి రాత్రి పార్కు ఎట్లా అయిందని ఆఫీసుకు పోయి అడిగాం. ఇళ్ల జోన్‌లోకి మార్చమని గడువులోగా దరఖాస్తు పెట్టుకోమన్నాడు టౌన్ ప్లానింగ్ సారు. గడువు దాటితే మా ఇళ్లన్నీ అక్రమ కట్టడాలేనని కూడా చెప్పాడు. డిగ్రీ చదువుతున్న మా సంజీవ్ దరఖాస్తు రాశాడు, వాడంతా వేలిముద్రలు వేసింది.

అది ఇచ్చేలోపే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. మున్సిపల్ ఆఫీసును బంద్ పెట్టే పని మా వాడ మీద పడింది, మేం గర్వంగానే తీసుకున్నాం. తీరా గేటు దగ్గరికి పోయాక గట్టి తాళం ఎవరి దగ్గరా లేదు. ఎల్లవ్వ ఇంటికి పోయి తన తలుపు తాళమే ఊడదీసి తెచ్చింది.

"నా ఇంట్ల ఏమున్నదని దోసుకపోతరు, ఏయుండ్రి" అంది. తాళంచెవి కొంగున ముడేసుకుని, ఆడవాళ్లందరితో గేటు ముందు వేసిన టెంట్లో కూచుంది. సమ్మెలో ఉన్న ఆఫీసు ఉద్యోగులూ ఆ టెంట్లోనే కూచున్నారు.

గడువు దగ్గర పడుతుంటే సత్తవ్వకు భయం పట్టుకుంది. సత్తవ్వ ఎల్లవ్వకు పక్కింటి మనిషి, ముందుచూపు ఉన్నది. ప్లానింగ్ సారు మన టెంట్లనే కూచున్నడు కదా, ఒక్కసారి తాళం తీసి ఆయన్ను లోపలికి పంపి స్టాంపు వేయిద్దామంది. కొందరు సరేనన్నారు, కొందరు తిట్టారు. ఎల్లవ్వ అందరినీ ఆపింది.

"మన కాయితం కోసం మనమే తాళం తీస్తే, రేపు దొర అచ్చి తియ్యమంటే ఏమందం?"

టెంటంతా చప్పట్లు కొట్టింది. సారు కూడా కొట్టాడు. సమ్మె రోజులు లెక్కలోకి రావు, గడువు పెరుగుతుందని ధైర్యం చెప్పాడు. మర్నాడు రోడ్డు మీద వంటావార్పు పెడితే జగపతి రావు బియ్యం పంపించి, తనూ వచ్చి మా వరసలోనే కూచుని తిన్నాడు. వాళ్ల నాయన ముందు మా తాతలు చెప్పులు విడిచి నడిచేవాళ్లు. తెలంగాణ అప్పుడే వచ్చేసినంత సంబరం మాకు.

సమ్మె ముగిసింది. తాళం తీసి ఎల్లవ్వ ఇంటికి తీసుకుపోయింది. దరఖాస్తు పట్టుకుని పోతే గడువు దాటిందన్నారు. జగపతి రావు తన హాలు కోసం పెట్టిన దరఖాస్తు మాత్రం గడువులోనే అందిందట. అది గేటు దాకా రానే లేదు, కమిషనర్ ఇంటికి పోయింది. మేం ఎండలో కూచుని కాపలా కాసింది ఉత్త గేటుకు.

టెంట్లో మన పక్కనే కూచున్నవు కదా సారూ అని సంజీవ్ అడిగాడు. సారు తల ఎత్తలేదు.

"మా సమ్మె దినాలు సెలవు కింద కలుపుతున్నరు. మీ గడువు ముచ్చట ఏ ఆర్డర్ల లేదు. నేనేం చెయ్య?"

జగపతి రావు దగ్గరికి పోయాం. కుర్చీలు వేయించాడు, చాయ్ తాగించాడు. తెలంగాణ రానీయండి, అందరికీ ఇండ్లు వస్తాయన్నాడు.

"అందాక ఏడ పండాలె దొరా?" అంది ఎల్లవ్వ. ఆయన గడియారం చూసుకున్నాడు.

జగిత్యాల పోయి పెద్దాఫీసర్ కాళ్లు పట్టుకున్నాం. సిరిసిల్ల నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే కార్మికులు వచ్చి మాతో ధర్నా చేశారు. ఏమీ కాలేదు. అట్లా జేసీబీ వచ్చింది.

ఇళ్లన్నీ నేలమట్టమయ్యాక ఎల్లవ్వ మట్టిలో వెతికింది. తలుపు ముక్కలైంది కానీ తాళం చెక్కుచెదరలేదు. దాన్ని కొంగుతో తుడిచి, రోడ్డు దాటింది. హాల్లో జగపతి రావుకు ఉద్యమ నాయకుడని సన్మానం జరుగుతోంది. ఎల్లవ్వ హాలు గేటు రెక్కలు దగ్గరికి లాగి, తాళం వేసి, ముందు కూచుంది.

సీఐ పరుగున వచ్చాడు. తాళం తియ్యమన్నాడు, ఇది ప్రైవేటు ఆస్తి అన్నాడు.

"మరి నాది?" అంది ఎల్లవ్వ.

ఆమెనూ, అడ్డం పోయిన సంజీవ్‌నూ వ్యాన్‌లోకి ఎక్కించారు. మేం చూస్తూ ఉండిపోయాం. వ్యాన్ మలుపు తిరిగాక గాని పోలీసులకు గుర్తు రాలేదు, తాళంచెవి ఎల్లవ్వ కొంగులోనే పోయిందని. ఒక కానిస్టేబుల్ తాళం పగలగొట్టే రాయి కోసం మా గోడల మట్టిలో వెతకసాగాడు.

అప్పుడు సత్తవ్వ పోయి గేటుకు వీపు ఆనించి కూచుంది. ఆమె పక్కన ఇంకొకరు, ఆ తర్వాత వాడంతా. లోపల కారు హారన్ మోగుతోంది. లేచి ఇళ్లకు పొమ్మని సీఐ అరుస్తున్నాడు. పోవడానికి మాలో ఎవరికీ ఇల్లు లేదు.