పన్నెండు పరుగుల దగ్గర

సర్ హ్యూకు మాట పడిపోయింది ఒక గురువారం నాడు. పొద్దున్నే సుగుణకుమారి టీ తీసుకుని గదిలోకి వెళ్లేసరికి ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నారు. నోరు ఒక పక్కకు లాగేసింది. ఆమెను చూసి ఏదో చెప్పబోయారు. శబ్దం వచ్చింది గానీ మాట రాలేదు. అంబులెన్సు వచ్చేదాకా ఆమె ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన చెప్పలేకపోయినదేమిటో ఆమెకు తెలుసు.

లండన్ శివార్లలో వాట్‌ఫర్డ్ దాటాక పొలాల మధ్య ఉన్న ఆ పెద్ద పాత ఇంట్లో ఆయన ఒక్కరే ఉండేవారు. వయసు ఎనభై నాలుగు. తాతలనాటి బిరుదు, ఆర్మీలో మేజరుగా రిటైరైన పేరు, కుర్రతనంలో సరదాకి ఆడిన క్రికెట్టు, ఇవే ఆయన ఆస్తి. బాపట్ల నుంచి వచ్చి హారోలో కాపురముంటున్న సుగుణ రెండేళ్లుగా ఆయన్ని కనిపెట్టుకుని చూసే కేరర్.

మాట పడిపోవడానికి మూడు నెలల ముందు, ఆమె తనకు గడ్డం గీస్తుండగా ఆయన ఆ సంగతి చెప్పారు. ఏటా రెజిమెంట్‌లో ఆఫీసర్లు ఒక జట్టు, సిపాయిలు ఒక జట్టుగా ఆడేవారట. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఆయన ఆ ఆటలో సెంచరీ కొట్టారు. అయితే పన్నెండు పరుగుల దగ్గరున్నప్పుడు లెన్ అనే పందొమ్మిదేళ్ల సిపాయి వేసిన బంతి ఆయన బ్యాటును రాసుకుంటూ వెళ్లి కీపర్ చేతిలో పడింది. అంపైర్‌కు ఆ చప్పుడు వినబడలేదు. ఆయనకు మాత్రం వినబడింది. బంతి తగిలిందని తెలిస్తే అంపైర్ చెప్పేదాకా ఆగకుండా తనంతట తానే వెళ్లిపోవడం అప్పట్లో మర్యాద. ఆయన వెళ్లలేదు.

సుగుణ ఇంటికొచ్చి ఈ మాట చెబితే భర్త ఏలియా నవ్వాడు. “మా చర్చి గ్రౌండులో ఎవడైనా అట్టా వెళ్లిపోతే పిచ్చోడనేవాళ్లం గదే.”

లెన్‌కు నిజం చెప్పేయాలన్నది ఆయన కోరిక. ఉత్తరం రాయమని సుగుణ సలహా ఇస్తే సర్ హ్యూ ఒప్పుకోలేదు. ఎదురుగా నిలబడి చెప్పాల్సింది కాగితం మీద పంపకూడదన్నారు. రెజిమెంట్ వాళ్లను అడిగి స్లౌలో లెన్ ఉండే ఫ్లాటు అడ్రసు సంపాదించారు. మాట పడిపోవడానికి నాలుగు రోజుల ముందు, ఆదివారం, టై కట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు కూడా. కానీ ఆయన్ని బయటికి తీసుకెళ్లాలంటే కేర్ ఆఫీసువాళ్లు ఒక ఫారం మీద సంతకం చేయాలి. అది ఇంకా రాలేదు. సుగుణ వీసా ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది.

“రూలు ప్రకారం వెళదాం సర్. ఒక్క వారమే కదా” అంది.

జీవితమంతా రూళ్లలో గడిపిన మనిషి. టై విప్పేశారు.

ఫారం ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక వచ్చింది. వెళదామా అని అడిగితే తల ఊపారు. “మాట్లాడలేనాయన్ని తీసుకెళ్లి ఏం చేద్దామని?” అంటూనే ఏలియా కారు తీశాడు.

సర్ హ్యూ వీల్‌చెయిర్ ఫ్లాటు గుమ్మంలోకి రాగానే డెబ్బై అయిదేళ్ల లెన్ కష్టం మీద లేచి నిటారుగా నిలబడ్డాడు. టీ పెట్టాడు. ఆఫీసర్ల జట్టు ఓడితే మర్నాడు పరేడ్ ఒక గంట ఎక్కువ చేయించేవారని సుగుణతో చెప్పి నవ్వాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఒక్కటి చెప్పాలి సర్. ఆ రోజు మీరు పన్నెండు మీద ఉన్నప్పుడు నా బంతి మీ బ్యాటుకు తగిలిందనే అనుకున్నాను. కానీ మీరు కదల్లేదు. మీరు కదల్లేదంటే తగలనట్టే. నా మనవలకు ఇప్పటికీ చెబుతుంటాను, అంపైర్‌ని చూసి కాదు, ఆ మనిషిని చూసి ఒప్పుకున్నానని.”

సర్ హ్యూ గొంతులో ఏదో గరగరలాడింది. బాగున్న చేత్తో సుగుణ మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా పట్టుకున్నారు. ఆయన చూపు లెన్ మీదికి, మళ్లీ ఆమె మీదికి తిరిగింది. ఆయన అడుగుతున్నదేమిటో ఆమెకు అర్థమైంది. నోరు తెరిచింది. లెన్ ముఖంలో వెలుగు చూసి, తెరిచిన నోటితో వేరే మాట అంది.

“సర్ అలిసిపోయారు. ఇక బయల్దేరతాం.”

ఆయన చెయ్యి వదిలేశారు. దారిలో ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు. తొమ్మిదో రోజున పోయారు.

అంత్యక్రియలకు లెన్ మెడల్స్ పెట్టుకుని వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఆ రాత్రి ఏలియా అన్నాడు, “నువ్వన్నా చెప్పెయ్యి. ఆయన నీకు అప్పజెప్పిన పని గదా.”

“చెబితే ఆ ముసలాయనకి ఏం మిగులుద్ది?”

“చెప్పకపోతే మన సర్‌కి ఏం మిగిలింది?”

నాలుగు నెలలైంది. లెన్‌కు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.